ఎన్ని మజిలీల దూరం?

“మీ ఊరు ఇక్కడికెంత దూరమండీ?” అని అడిగి చూడండి. మన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా కిలోమీటర్ల లెక్క చెప్పరు. “ఎంతండీ, రెండు గంటల బస్సు” అంటారు. “పొద్దున్నే రైలెక్కితే భోజనాల వేళకి దిగుతాం” అంటారు. మన ముత్తవ్వల కాలంలో అయితే “మూడు మజిలీల దూరం” అనేవారు. ఒక పూటంతా బండి తోలి, ఎద్దులు అలిసిన చోట ఆగి, చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి ఇంత వండుకు తిని, పడుకు లేచి మళ్ళీ బయలుదేరితే, ఆ ఆగిన చోటు ఒక మజిలీ. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు అలా పుట్టినవే కదా! మజిలీకో కథ చెప్పుకుంటూ పోతే ఎంత దూరమైనా గడుస్తుంది.

ఈ మజిలీల లెక్కతోనే ఇవాళ ఒక మహా దూరాన్ని కొలుద్దామనిపించింది. లండన్ నుంచి సిడ్నీకి.

అట్లాసులో ఈ రెండు ఊళ్ళ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే లాభం లేదు. భూమి చపాతీలా పరుచుకుని లేదు. ఒక బత్తాయి పండు మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి పట్టుకోండి. ఆ దారమే అసలు దగ్గర దారి. విమానాల వాళ్ళు లెక్క కట్టేదీ అలాగే. ఆ దారం లెక్కన లండన్‌కీ సిడ్నీకీ మధ్య సుమారు 17,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతే 40,000 కిలోమీటర్లు కనక, నేల మీద ఏ రెండు చోట్ల మధ్యైనా దగ్గర దారి 20,000 దాటదు. అంటే ఈ రెండు ఊళ్ళూ ఇంచుమించు బత్తాయికి ఆ పక్కా ఈ పక్కా అన్నమాట.

ఈ దూరం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు, పెరగలేదు. ప్రయాణం మాత్రం ఎనిమిది నెలల నుంచి ఇరవై గంటలకు దిగింది. బి.ఏ.లో చరిత్ర చదివి, నవలలు రాసుకుంటున్నదాన్ని. ఇంజన్ల గొప్పతనం చెప్పడం నావల్ల కాదు. కానీ ఆ దారికి ఈ చివరా ఆ చివరా గుమ్మంలో నిలబడి ఎదురుచూసినవాళ్ళ సంగతి నాకు పట్టింది. దూరం అనేది నిజానికి వాళ్ళ కొలతే కదా.

1787 మే 13న ఇంగ్లండు రేవు నుంచి పదకొండు ఓడలు బయలుదేరాయి. వాటినిండా ఖైదీలు, వాళ్ళకి కాపలా సైనికులు. టెనరిఫ్ దీవి, రియో డి జనీరో, కేప్‌టౌను ఇవీ మజిలీలు. మరుసటి ఏడాది జనవరికి ఆస్ట్రేలియా చేరారు. ఎనిమిది నెలలు! కడుపుతో ఓడెక్కిన ఆడది ఒళ్ళో బిడ్డతో దిగే ప్రయాణం అది. చేరడం ఒక ఎత్తు, ఆ తరవాత ఇంటి కబురు తెలియడం ఒక ఎత్తు. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి, తిండిగింజలు అడుగంటాయి, ఇంగ్లండు నుంచి ఒక్క ఓడ రాలేదు. చివరికి 1790 జూన్ 3న ‘లేడీ జూలియానా’ అనే ఓడ రేవులోకి వచ్చింది. అందులో ఉన్నది రెండు వందల పైచిలుకు ఆడ ఖైదీలు, వాళ్ళతోపాటు ఉత్తరాలు. ఉత్తరాలు, ఉత్తరాలు అని కేకలు పెట్టి, వణికే చేతులతో వాటిని చింపుకున్నామని వాట్కిన్ టెంచ్ అనే సైనికాధికారి రాసుకున్నాడు. ఇల్లు విడిచిన మూడేళ్ళకు అందిన మొదటి కబురు! రాజుగారికి జబ్బు చేసి నయమైన సంగతి, ఫ్రాన్సులో విప్లవం లేచిన సంగతి, అన్నీ ఒక్క రోజే తెలిశాయి. ఆ ఉత్తరాల్లో ఎందరి తల్లులు పోయిన వార్తలున్నాయో ఏ చరిత్ర పుస్తకమూ లెక్క రాయలేదు.

తరవాత ఓడలకు ఆవిరి ఇంజన్లు వచ్చాయి. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ ఎనిమిది నెలలు ఆరు వారాలకు దిగాయి. ఈలోగా 1872లో ఇంకో వింత జరిగింది. ఆస్ట్రేలియాను ప్రపంచంతో కలుపుతూ టెలిగ్రాఫు తీగ పడింది. లండన్ నుంచి ఆ తీగ బొంబాయి మీదుగా, మన మద్రాసు మీదుగా, సముద్రం అడుగున సింగపూర్, జావా చేరి, అక్కణ్ణించి డార్విన్‌కు వెళ్ళింది. నెలలు పట్టే కబురు ఇప్పుడు గంటల్లో పోతోంది. అందరూ పండగ చేసుకున్నారు.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. అంతకుముందు తల్లి పోయిందన్న వార్త కూడా ఓడలోనే వచ్చేది. వచ్చేసరికి అన్నీ అయిపోయి ఉండేవి. ఏడవడం ఒక్కటే మిగిలేది. ఇప్పుడు అలా కాదు. ‘అమ్మకి ప్రాణం మీదికొచ్చింది’ అని తంతి ఇవాళే అందుతుంది. ఎంత పరిగెత్తినా కొడుకు చేరడానికి ఆరు వారాలు! కబురు ముందూ, మనిషి వెనకా అయిపోయారు. కడసారి చూపు దక్కదని తెలిసి తెలిసి గుండెలు పట్టుకు కూర్చునే కష్టం మనుషులకు కొత్తగా వచ్చిపడింది. విమానం కనిపెట్టింది ఎవరైనా, ఆ విమానం కోసం జనం అంతగా తపించడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక పందెం వేసింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ముప్ఫై రోజుల్లోపు ఎగిరొచ్చిన ఆస్ట్రేలియావాళ్ళకు పదివేల పౌన్లు. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు ఇద్దరు మెకానిక్కులతో కలిసి నవంబరు 12న బయలుదేరి, డిసెంబరు 10న డార్విన్‌లో దిగారు. ఇరవై ఎనిమిది రోజులు. దారిలో మన ఢిల్లీ, అలహాబాదు, కలకత్తాలన్నీ మజిలీలే. జావాలో సురబయ దగ్గర విమానం బురదలో కూరుకుపోయింది. చుట్టుపక్కల జనం వెదురు తడికలు, చాపలు తెచ్చి బురద మీద దారిగా పరిచారు. ఆ తడికల మీదుగా పరిగెత్తి విమానం పైకి లేచింది. చరిత్రలో రాస్ స్మిత్ పేరుంది, ఆ తడికలు ఇచ్చిన ఇల్లాళ్ళ పేర్లు లేవు. బహుమతి సొమ్మును మాత్రం నలుగురూ సమానంగా పంచుకున్నారు, అది సంతోషం.

అదే పందెంలో మరో రెండు విమానాలు కూలి నలుగురు చనిపోయారు. ఇంకొక జంట, పారర్, మెకింతోష్ అనేవాళ్ళు, చెడిపోయిన చోటల్లా బాగుచేసుకుంటూ 206 రోజులకు డార్విన్ చేరారు. పూర్వం ఖైదీల ఓడలకు పట్టిన కాలానికి పెద్ద తేడా లేదు! అయినా చేరారు, అదే పదివేలు.

ఇక మనం తప్పకుండా చెప్పుకోవలసిన మనిషి ఒకామె ఉంది. ఎమీ జాన్సన్. హల్ అనే ఊళ్ళో చేపల వ్యాపారి కూతురు. షెఫీల్డ్ యూనివర్సిటీలో ఎకనమిక్స్ చదివి, లండన్‌లో ఒక వకీళ్ళ ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఆ జీతంలోంచే విమానం నడపడం నేర్చుకుంది. నడపడమే కాదు, ఇంజను విప్పి బిగించే మెకానిక్కు లైసెన్సు కూడా సంపాదించింది. తండ్రి కొంత, ఒక ధనవంతుడు కొంత వేసుకుని సెకండ్‌హ్యాండు విమానం కొనిపెట్టారు. 1930 మే 5న ఒంటరిగా లండన్ క్రాయ్‌డన్ నుంచి బయలుదేరింది. అప్పటికామెకు ఇరవై ఆరేళ్ళు.

ఆరు రోజులకు కరాచీ చేరింది. అంతకు రెండేళ్ళ ముందు హింక్లర్ అనే ఆయన పదిహేనున్నర రోజుల్లో డార్విన్ చేరి రికార్డు పెట్టాడు. కరాచీ దగ్గర ఎమీ ఆయన కన్నా రెండు రోజులు ముందుంది. కానీ ఝాన్సీ దగ్గర పెట్రోలు చాలక సైనికుల పెరేడు మైదానంలో దిగవలసి వచ్చింది. రంగూన్ దగ్గర ఇన్‌సేన్‌లో, వానలో దారి తెలియక ఒక ఇంజనీరింగ్ స్కూలు ఆటస్థలంలో దిగితే విమానం గోతిలో పడి రెక్క చిరిగింది. ఆ ఊళ్ళో విమానపు గుడ్డ ఎక్కడిది? యుద్ధంలో మిగిలిపోయిన విమానపు గుడ్డతో కుట్టించుకున్న చొక్కాలు కొందరి దగ్గరుంటే, వాటినే చింపి రెక్కకు అతుకులు వేశారని ఆమె కథ రాసినవాళ్ళు చెబుతారు. అలా అతుకుల రెక్కతో మే 24న డార్విన్ చేరింది. పందొమ్మిదిన్నర రోజులు. హింక్లర్ రికార్డు దక్కలేదు. కానీ ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరొచ్చిన మొట్టమొదటి ఆడది ఆమే.

ఆలస్యమైన ఆ నాలుగు రోజుల్లోనే ఎమీ కథంతా ఉంది చూశారూ! అన్నట్టు, సరిగ్గా దానికి నూరేళ్ళ ముందు, 1830 మే నెలలోనే, మన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. పదిహేను నెలలకు తిరిగి ఇల్లు చేరారు. దారిలో ఆగిన ప్రతి ఊరినీ రాసిపెట్టారు కనకనే ఆ పుస్తకం ఇవాళ్టికీ బతికుంది. మజిలీ అంటే ఆలస్యం అనుకుంటాం గానీ, జ్ఞాపకం మిగిలేది అక్కడే.

ఈ దారి ప్రాణాలు కూడా తీసుకుంది. ఆస్ట్రేలియావాళ్ళు దేవుడిలా చూసుకున్న కింగ్స్‌ఫర్డ్ స్మిత్ 1935 నవంబరులో అలహాబాదు నుంచి సింగపూర్‌కు రాత్రి పూట ఎగురుతూ మాయమయ్యాడు. ఎమీ 1941 జనవరిలో సైనిక విమానం ఒకటి చేరవేస్తూ థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పడిపోయింది. ఇద్దరి శరీరాలూ దొరకలేదు. అందరి దూరాలూ తగ్గించినవాళ్ళ ఇళ్ళల్లోనే కడసారి చూపు దక్కలేదు, పాపం.

అప్పటికే మామూలు ప్రయాణికులకు కూడా విమానాలు వచ్చేశాయి. 1935లో లండన్ నుంచి బ్రిస్బేన్‌కు పన్నెండున్నర రోజులు. మధ్యలో కొంత దూరం రైలెక్కాలి. 1938లో నీటి మీద వాలే పెద్ద విమానాలు వచ్చాయి. అవి కరాచీ తరవాత రాజస్థాన్‌లోని రాజసమంద్ చెరువులో, గ్వాలియర్‌లో, అలహాబాదులో, కలకత్తాలో నీటి మీద దిగుతూ పోయేవి. రాత్రిళ్ళు ప్రయాణికులు హోటళ్ళలో పడుకునేవారు. తొమ్మిది, పది రోజుల్లో సిడ్నీ.

ఇలా మజిలీలు ఒక్కొక్కటే తగ్గుతున్న వేళ యుద్ధం ముంచుకొచ్చింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపానువాళ్ళ చేతికి చిక్కింది. దారి మధ్యలో తెగిపోయింది. అప్పుడేం చేశారో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆస్ట్రేలియా పడమటి ఒడ్డున పెర్త్ నుంచి సింహళంలో గాల్ దగ్గరున్న కొగ్గల చెరువు దాకా, 5,600 కిలోమీటర్లకు పైగా, హిందూ మహాసముద్రం మీదుగా ఒక్క మజిలీ కూడా లేకుండా ఎగిరారు. 1943లో మొదలుపెట్టి 1945 జూలై దాకా 271 సార్లు. శత్రువు వింటాడేమోనని రేడియోలో మాట్లాడకూడదు. నక్షత్రాలు చూసుకుంటూ దారి పట్టాలి. విమానం నిండా పెట్రోలే కనక ముగ్గురికి మించి ప్రయాణికులు ఎక్కరాదు. ఒక్కో ప్రయాణం ఇరవై ఏడు నుంచి ముప్ఫై మూడు గంటలు. గాలిలో ఉండగానే సూర్యుడు రెండుసార్లు ఉదయించేవాడు. అందుకే ఆ ప్రయాణికులకు ‘జంట సూర్యోదయాల రహస్య సంఘం’ సభ్యులని ఒక యోగ్యతాపత్రం ఇచ్చేవారు.

ఆ అయిదు విమానాలకూ నక్షత్రాల పేర్లే పెట్టారు. వాటిలో స్పైకా అంటే మన చిత్త, అంటారిస్ అంటే జ్యేష్ఠ, ఆల్టేర్ అంటే శ్రవణం, వేగా అంటే అభిజిత్తు. మన పెద్దలు పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ చూసిన నక్షత్రాలే ఆ చీకటి సముద్రం మీద వాళ్ళకు దారి చూపాయి. ఒక్క విమానం కూడా పోలేదంటే నమ్ముతారా?

యుద్ధం ముగిసింది. 1947 డిసెంబరు 1న క్వాంటాస్ కంపెనీ సిడ్నీ నుంచి లండన్ దాకా తన సొంత విమానం నడిపింది. దానికి కంగారూ దారి అని పేరు. కంగారూ గెంతినట్టు గెంతుతూ పోవడమే కదా! డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ, ఆరు మజిలీలు, నాలుగు రోజులు. అందులో కలకత్తా, కరాచీ నాలుగు నెలల ముందు దాకా ఒకే దేశపు ఊళ్ళు. రానూపోనూ టికెట్టు 585 పౌన్లు. సామాన్యుడికి ఏడాది జీతం కూడబెట్టినా చాలదు. అంటే తంతి అందిన నాలుగు రోజులకు తల్లి దగ్గరికి చేరగలిగింది ధనవంతుడి కొడుకు మాత్రమే. పేదవాడికి ఆ ఆరు వారాల ఓడే గతి. దూరం కూడా అందరికీ ఒకేలా తగ్గదు.

1959లో జెట్ విమానాలు, 1971లో జంబోలు ఈ దారికి వచ్చాయి. టికెట్టు మెల్లిగా మధ్యతరగతి చేతికి అందింది. 1989 ఆగస్టులో ఒక కొత్త జంబో విమానం లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో వచ్చేసింది. కానీ అందులో ఉన్నది 23 మందే. మామూలు ప్రయాణికులతో కాదు, చేసి చూపించడానికి వేసిన గెంతు. 2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కు, 14,498 కిలోమీటర్లు, నిండా ప్రయాణికులతో పదిహేడు గంటల పైచిలుకులో ఒక్క గెంతు గెంతారు. 2019 నవంబరులో లండన్–సిడ్నీ మధ్య పరీక్షగా మళ్ళీ ఎగిరి 19 గంటల 19 నిమిషాలు తేల్చారు. ఆ దారిని రోజూ నడపాలన్న పథకానికి పెట్టిన పేరు ‘ప్రాజెక్ట్ సన్‌రైజ్’. ఆ జంట సూర్యోదయాల జ్ఞాపకంగానే.

మజిలీలన్నీ పోయాయి, ఇక దూరం మీద మనిషి గెలిచాడు అనుకుంటున్నారా? ఆగండి. 2024 ఆగస్టులో పశ్చిమాసియాలో యుద్ధభయం వచ్చి, పెర్త్–లండన్ విమానం చుట్టుదారి పట్టవలసి వచ్చింది. చుట్టుదారికి పెట్రోలు చాలదు కనక కొన్నాళ్ళు సింగపూర్‌లో ఆగి వెళ్ళింది. పోయిందనుకున్న మజిలీ మళ్ళీ వచ్చి కూర్చుంది! తిరుగు ప్రయాణంలో మాత్రం గాలి వెనకనుంచి తోస్తుంది కనక ఆగకుండానే వచ్చేసేది. అన్ని కోట్ల విమానానికీ దారి ఇవ్వవలసింది చివరికి గాలీ, కింద ఉన్న మనుషుల సఖ్యతే.

అంతకన్నా పెద్ద మజిలీ 2020లో పడింది. కరోనా వల్ల ఆ ఏడాది మార్చి 20న ఆస్ట్రేలియా తన సరిహద్దులు మూసేసింది. కొద్ది రోజులకే అక్కడివాళ్ళు అనుమతి లేకుండా బయటికి పోకూడదన్నారు. 2021 నవంబరు 1 దాకా ఆ తలుపులు సరిగా తెరుచుకోలేదు. మధ్యలో 2021 మేలో, మూడో తేదీ నుంచి పదిహేనో తేదీ దాకా, ఇండియాలో ఉన్న ఆస్ట్రేలియా పౌరులు సైతం తమ దేశానికి తిరిగివెళ్తే జైలుశిక్ష వేయవచ్చన్న నిబంధన పెట్టారు. ఆ ఏటి జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు యాభై వేలు దాటారు. అటు పిల్లలు, ఇటు తల్లిదండ్రులు. షెడ్లలో విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి. పైలట్లు ఉన్నారు, పెట్రోలు ఉంది. ఫోను తెరలో నాన్న మొహం కనిపిస్తోంది, దగ్గు వినిపిస్తోంది. వెళ్ళడానికి వీల్లేదు. 1872లో తంతి కాగితం పట్టుకుని కూలబడిన మనిషికీ, 2021లో ఫోను పట్టుకుని కూలబడిన మనిషికీ తేడా ఏముంది చెప్పండి?

నా నవలల్లో ఊరికి దూరంగా ఉన్న కూతురు కడసారి చూపుకు అందాలా వద్దా అన్నది నా కలం ఇష్టం. అందించాలనిపిస్తే ఒక రైలు వేస్తాను, ఒక కారు పంపిస్తాను. బయటి ప్రపంచంలో ఆ కలం చాలామంది చేతుల్లో ఉంటుంది. విమానం చేసినవాడు, టికెట్టు ధర కట్టేవాడు, వీసా మీద ముద్ర వేసేవాడు, సెలవు మంజూరు చేసేవాడు, యుద్ధం చేసేవాడు, ఆపేవాడు. వీళ్ళందరూ కలిసి సరేనంటేనే ఆ పదిహేడు వేల కిలోమీటర్లూ ఇరవై గంటలవుతాయి. ఒక్కరు కాదన్నా మళ్ళీ ఎనిమిది నెలల ఓడే.

అందుకే, “ఎంతమ్మా, మధ్యలో సింగపూర్‌లో ఒక్కచోట విమానం మారితే వచ్చేస్తాను” అని సిడ్నీ నుంచో మెల్బోర్న్ నుంచో పిల్లలు ధైర్యం చెప్పినప్పుడు కాదనకండి, ఆ మాట నిజమే. విమానాశ్రయానికీ విమానాశ్రయానికీ మధ్య దూరం అంతే. కానీ వాళ్ళ గడప దాటినప్పటి నుంచి మన గడప తొక్కేదాకా ఎన్ని మజిలీలో కూడా ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేయించండి. పాస్‌పోర్టు గడువు చూసుకున్నారా, టికెట్టుకు ఇంత సొమ్ము పక్కన పెట్టుకున్నారా, ఆఫీసులో ఎవరికి చెప్పాలో తెలుసా అని అడగండి. ఏ ఆపదా రాకముందే, అందరూ కులాసాగా ఉన్నప్పుడే ఒక్కసారి వచ్చి వెళ్ళమనండి. వచ్చేటప్పుడు దారిలో ఎక్కడెక్కడ ఆగారో, ఎవరు కనిపించారో, ఏం తిన్నారో అన్నీ చెప్పమనండి. ఆ రాత్రి వంటింట్లో కంచాలు ఎత్తేదాకా చెప్పుకోవడానికి అంతకన్నా మంచి కథలేం కావాలి?